తెరపై తిరుగు అణువులు

హీమోగ్లోబిన్ అణువు బొమ్మను పుస్తకములో చూచు విద్యార్థికి దాని ముందుభాగము మాత్రమే కనిపించును. వెనుక ఏమున్నదో తెలియవలెనన్న త్రిప్పి చూడవలెను. 1960 ప్రాంతములో కేంబ్రిడ్జిలో కెండ్రూ, పెరూట్జ్ అను శాస్త్రజ్ఞులు ఇట్టి అణువులకు పెద్ద నమూనాలను చేతితో నిర్మించిరి. నేడు అదే అణువును వెబ్ బ్రౌజరులో వ్రేలితో త్రిప్పవచ్చును. 1971లో స్థాపింపబడిన ప్రోటీన్ డేటా బ్యాంకు నుండి అణువుల ఆకృతులు ఉచితముగా లభించును. కాని పాత ఫోనుపై బొమ్మ ఆగి ఆగి కదలినచో విద్యార్థికి ఆకారము బోధపడదు, విసుగు కలుగును. దీనికి కారణమేమి? నివారణమేమి?

కదలిక నునుపుగా కనిపించుటకు సెకనుకు 60 చిత్రములు గీయవలెననుకొందము. అప్పుడు ఒక్కొక్క చిత్రమునకు లభించు కాలము సుమారు 16.7 మిల్లీసెకన్లే. హైడ్రోజన్‌ను విడిచినను హీమోగ్లోబిన్‌లో సుమారు 4,500 పరమాణువులు కలవు. సాధారణముగా కంప్యూటరు చిన్న త్రిభుజములను అతికి గోళమును కూర్చును. గోళమునకు 320 త్రిభుజముల చొప్పున ఒక్క చిత్రమునకే 14,40,000 త్రిభుజములు కావలెను. చిన్న ఫోనుకు ఇది మోయరాని బరువు.

మొదటి ఉపాయము ఆజ్ఞలను తగ్గించుట. తరగతిలో నలుబదిమందిని పేరుపేరున పిలిచి "పుస్తకము తెరువుము" అనుటకంటె అందరికిని ఒక్కమారు చెప్పుట సులభము కదా! అట్లే బ్రౌజరు 4,500 గోళములకు వేరువేరుగా ఆజ్ఞ లిచ్చుటకు బదులు, ఒక గోళమును, అన్ని స్థానముల పట్టికను గ్రాఫిక్స్ ప్రాసెసరునకు ఒక్కసారి అందించును. 2017లో వెలువడిన వెబ్‌జీఎల్ 2లో ఈ సౌకర్యము కలదు.

రెండవది మరింత చమత్కారమైనది. ఏ వైపునుండి చూచినను గోళము వలయముగానే కనిపించును. కనుక గోళమునకు బదులు, చూపరికి ఎదురుగా రెండు త్రిభుజముల చతురస్రమును నిలిపిన చాలును. దానిలోని ప్రతి బిందువు వద్దను x² + y² + z² = r² అను సమీకరణము నుండి z విలువను కనుగొని, లోతును, వెలుగునీడలను నిర్ణయింతురు. వలయము వెలుపలి బిందువులను వదలివేయుదురు. 14,40,000 త్రిభుజముల స్థానమున 9,000 సరిపోవును. అంచులు కూడ నునుపుగా నుండును.

అయితే ఇందు ప్రతి బిందువునకు లెక్క పెరిగినది. కావున బొమ్మ తిరుగుచున్నంతసేపు నిడివి వెడల్పులలో బిందువులను సగము చేయుదురు. అప్పుడు పని నాలుగవ వంతగును. బొమ్మ నిలిచిన పిదప పూర్తి స్పష్టతతో ఒక్కమారు గీసి, మరల కదలించువరకు ఊరకుందురు.

మూడవది గీయవలసినదానినే తగ్గించుట. పరమాణువులను విడిచి, ప్రోటీను గొలుసును నాడవలె చూపవచ్చును. ఇచ్చట ఉపాధ్యాయుడు జాగ్రత్త వహింపవలెను. మన మన్యప్రాంతములలోను కనిపించు సికిల్ సెల్ వ్యాధికి మూలము, బీటా గొలుసులో ఆరవ స్థానమున గ్లుటామిక్ ఆమ్లమునకు బదులు వేలీన్ ఉండుట. నాడ వెన్నెముకను మాత్రమే చూపును, ప్రక్కశాఖలను చూపదు. బొమ్మ వేగముగా తిరుగును గాని, చూడవలసిన మార్పు మాయమగును! అణువంతటిని నాడగా చూపి, ఆ రెండు బీటా గొలుసులలోని ఆరవ స్థానములను మాత్రము గోళములతో చూపినచో వేగమును దక్కును, విషయమును దక్కును.

వేగమును పెంచుటయనగా ఏది గీయవలెనో, ఏది విడువవలెనో ఎరుగుట. ఆ ఎరుక పాఠమునుండియే రావలెను.