కబురు ఎవరి గడప దాకా వస్తుంది?

“ఊరందరికీ తెలుసు” అని మనం తేలిగ్గా అనేస్తాం. ఊరంటే ఎవరెవరు అని మాత్రం ఆగి అడగం. రచ్చకట్ట దగ్గర చెప్పిన మాట పెద్ద వీధికి తెలిస్తే ఊరికి తెలిసినట్టే లెక్క. అది మన వాడలకు చేరిందా లేదా అన్నది చాలాసార్లు గడువు దాటిన తరువాతనే బయటపడుతుంది. అప్పుడు మన పెద్దలు “మాకెవురు చెప్పినారు?” అంటారు. ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించే.

మేము ఐదో తరగతి పూర్తి చేసిన ఏడు, హాస్టలు సీట్ల కాగితం ఊళ్ళో ఒక కార్యాలయం గోడకు అంటించారు. మా వాడవాళ్ళకు ఆ గోడ వైపు పోయే పనే ఉండదు. పొదుపు సంఘాల మీటింగులో పక్క వీధి అక్క ఒకామె చెబితే ఆ సంగతి మా అమ్మకు తెలిసింది. అప్పటికి గడువు రెండు రోజులే ఉంది. మరునాడు కూలి మానుకొని సర్టిఫికెట్ల కోసం తిరిగింది కాబట్టి మేము హాస్టల్లో చేరాం, ఈనాడు పీజీ చదువుతున్నాం. మాతో ఒకే బెంచీ మీద కూర్చున్న ఇంకో పిల్లవాడి కుటుంబం అప్పుడు బెంగుళూరులో కట్టుబడి పనికి వలసపోయి ఉంది. వాళ్ళమ్మ ఏ సంఘంలోనూ లేదు. వాళ్ళకు కబురు పంపాలని ఎవరికీ తోచలేదు, మాకూ తోచలేదు. ఆ పిల్లవాడు మళ్ళీ బడి ముఖం చూడలేదు. ఇద్దరిలో తెలివి తేడా ఏమీ లేదు. ఒక మాట ఒక గడప దాకా వచ్చింది, పక్క గడప దాకా పోలేదు, అంతే.

దగ్గరివాళ్ళు, దూరపువాళ్ళు

సమాజ శాస్త్రంలో మనుషుల మధ్య సంబంధాలను ఒక వలతో పోలుస్తారు. మనుషులు ముడులు, సంబంధాలు దారాలు. కబురు ఆ దారాల వెంటే నడుస్తుంది. ఈ దారాలు రెండు రకాలు. బంధువులు, ఇరుగుపొరుగు, ప్రాణస్నేహితులు గట్టి దారాలు. అప్పుడప్పుడు కలిసే పరిచయస్థులు సన్న దారాలు.

కష్టం వస్తే ఆదుకునేది గట్టి దారాలే. కాని కొత్త కబురు తెచ్చేది ఎక్కువగా సన్న దారాలు. 1973లో మార్క్ గ్రనొవెటర్ అనే అమెరికా సమాజ శాస్త్రవేత్త ఈ సంగతిని ఒక ప్రసిద్ధ వ్యాసంలో చూపించాడు. తెలిసినవారి ద్వారా ఉద్యోగం దొరికినవాళ్ళను “ఆ మనిషిని మీరు ఎంత తరచుగా కలిసేవారు?” అని అడిగాడు. తరచుగా అన్నవారు నూటికి 17 మంది లోపే. అప్పుడప్పుడు అన్నవారు సుమారు 56 మంది, ఎప్పుడో అరుదుగా అన్నవారు సుమారు 28 మంది. కారణం కష్టమైనదేమీ కాదు. మన దగ్గరివాళ్ళకు తెలిసింది మనకూ తెలిసే ఉంటుంది. మనకు తెలియనిది వేరే వీధిలో, వేరే ఊళ్ళో తిరిగేవాళ్ళకు తెలుస్తుంది.

మన వాడల్లో గట్టి దారాలకు కొదువ లేదు. ఒక ఇంట్లో పిల్లకు జ్వరం వస్తే గంటలో వాడంతా తెలుస్తుంది. కొదువ ఉన్నది బయటికి పోయే సన్న దారాలకే. పేదరికంతో పాటు కులం గోడ కూడా ఆ దారాలను తెంపింది.

సారా ఉద్యమం నుంచి పొదుపు దాకా

ఆ దారాలు పేద మహిళల చేతికి వస్తే ఏమవుతుందో మన రాష్ట్రమే చూసింది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం జరిగింది. పగలంతా కూలి చేసిన ఆడవాళ్ళు రాత్రి చదువు కేంద్రాల్లో కలుసుకున్నారు. ఆడవాళ్ళంతా ఒక్కటై సారా అంగడి మూయించిన కథ వాళ్ళ వాచకంలోనే పాఠంగా ఉంది. అది చదివినవాళ్ళు తమ ఊరి గురించి మాట్లాడుకున్నారు. 1992లో దూబగుంట మహిళలు సారాను ఎదిరించిన కబురు ఊరి నుంచి ఊరికి, పత్రికల ద్వారా జిల్లా నుంచి జిల్లాకు పాకింది. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం సారాను నిషేధించవలసి వచ్చింది.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. సారా చెడ్డదని ఆ తల్లులకు ముందే తెలుసు. ఆ మాట నలుగురూ కూర్చుని అనుకునే చోటు లేకపోయింది. చదువు కేంద్రం ఆ చోటు ఇచ్చింది. ఒంటరిగా తెలిసినది గోడు, కలిసి తెలుసుకున్నది బలం. ఆ తరువాత అదే నెల్లూరు జిల్లాలో రోజుకు ఒక రూపాయి దాచే పొదుపులక్ష్మి సంఘాలు మొదలయ్యాయి.

ఓర్వకల్లు నేర్పిన పాఠం

కర్నూలు నుంచి నంద్యాల పోయే రోడ్డు మీద ఉన్న మా ఓర్వకల్లు అంటే ఇప్పుడు చాలామందికి రాతివనం, 2021లో మొదలైన విమానాశ్రయం గుర్తుకొస్తాయి. అంతకు చాలా ముందే ఈ మండలానికి పేరు తెచ్చినవాళ్ళు ఇక్కడి పొదుపు మహిళలు. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సహాయంతో 1995 నుంచి 2000 వరకు కర్నూలు, అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాల్లో పేదరిక నిర్మూలన పథకం ఒకటి నడిచింది. దాన్ని సాపాప్ అనేవారు. ఓర్వకల్లు మండలం అందులో ఒకటి.

పద్ధతి ఇది. పది పదిహేను మంది మహిళలు ఒక సంఘం. ఊళ్ళోని సంఘాల లీడర్లు కలిస్తే గ్రామైక్య సంఘం. ఆ గ్రామాలన్నీ కలిస్తే మండల సమాఖ్య. ఇక్కడ దాని పేరు ఓర్వకల్లు మండల పొదుపులక్ష్మి ఐక్య సంఘం.

ఇది అప్పుల కోసం కట్టిన మెట్లని చాలామంది అనుకుంటారు. నిజానికి ఇవి కబురు నడిచే మెట్లు కూడా. చిన్న సంఘంలో ఒకే వాడవాళ్ళు, ఒకరినొకరు ఎరిగినవాళ్ళు ఉంటారు. అది గట్టి దారం. గ్రామైక్య సంఘంలో మా వాడ లీడరు పెద్ద వీధి లీడరు పక్కన ఒకే చాప మీద కూర్చుంటుంది. అది సన్న దారం. మండల సమాఖ్యలో ఒక ఊరి ఆమె ఇంకో ఊరి ఆమెను కలుస్తుంది. మండలంలో చెప్పిన సంగతి ఊరికి, ఊరి నుంచి వాడకు దిగుతుంది. వాడలో బోరింగు చెడిపోయిన సంగతి అదే దారిన పైకి ఎక్కుతుంది. మాట రెండు వైపులా నడిచినప్పుడే జనం పాల్గొన్నట్టు. పైనుంచి కిందికి మాత్రమే వస్తే అది ఉత్త దండోరా.

ఆ దారుల మీద నడిచింది అప్పు ఒక్కటే కాదు. పనికి పోయే పిల్లలను బడికి పంపాలన్న మాట కూడా నడిచింది. ఈ ఐక్య సంఘమే పూడిచర్ల దగ్గర బాలభారతి పాఠశాలను నెలకొల్పింది. సాపాప్ అనుభవం మీదనే రాష్ట్రంలో 2000లో వెలుగు పథకం మొదలైంది. తరువాత మన రాష్ట్రంలోని సంఘాల మహిళలు బీహార్ వంటి రాష్ట్రాలకు పోయి, భాష రాకపోయినా, అక్కడి ఆడవాళ్ళకు సంఘం కట్టడం నేర్పారు.

ముందు ఎవరికి చెప్పాలి?

నోబెల్ బహుమతి పొందిన అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో తమ సహచరులతో కలిసి కర్ణాటక గ్రామాల్లో చేసిన పరిశోధన 2013లో వెలువడింది. చిన్న అప్పుల సంస్థ ఒకటి ఆ ఊళ్ళలోకి వచ్చినప్పుడు మొదట కొందరికే సంగతి చెప్పింది. ఆ కొందరు వలలో నలుగురికీ అందే చోట ఉంటే ఎక్కువమంది చేరారు, మూలన ఉంటే తక్కువమంది చేరారు. ఇంకో సంగతి కూడా తేలింది. అప్పు తీసుకోనివాళ్ళు కూడా ఆ కబురు నలుగురికీ మోశారు. అంటే మనకు పనికిరాని కబురైనా సరే, మన నోట ఇంకొకరికి చేరవచ్చు.

అదే బృందం మరో పరిశోధనలో “మీ ఊళ్ళో ఒక మాట అందరికీ చేరాలంటే ఎవరికి చెప్పాలి?” అని గ్రామస్థులనే అడిగింది. వాళ్ళు చూపిన మనుషులు ఊరి పెద్దల కంటే బాగా కబురు చేర్చారు. మన దగ్గర ఆ మనిషి ఆశా కార్యకర్త కావచ్చు, టీ అంగడి అవ్వ కావచ్చు. పదవిని చూసి పోతే ఆ మనుషులు కనబడరు.

వలలో చిక్కులు

మంచి నడిచే దారిలోనే చెడూ నడుస్తుంది. సంఘంలో ఒకరికొకరు పూచీ ఉండడం బలమే. కాని కొన్ని మైక్రో ఫైనాన్సు సంస్థలు ఆ పూచీనే ఒత్తిడిగా మార్చి, కట్టలేని ఆడవాళ్ళను తోటివాళ్ళ ముందే అవమానపరిచాయి. అందుకే 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. 2018లో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు వచ్చాయని ఫోన్లలో పాకిన అబద్ధానికి తెలుగు రాష్ట్రాల్లోనూ అమాయకులు దెబ్బలు తిన్నారు, ప్రాణాలు పోయాయి. ఫోను కబురును వేగంగా తెస్తుంది, నిజమా కాదా అడగడం మాత్రం మన పనే.

ఇంకో చిక్కు మా బెంచీ మిత్రుడి ఇల్లు. సంఘంలో లేని తల్లులు, వలసపోయిన కుటుంబాలు వల బయటే ఉండిపోతారు. వల ఎంత పెద్దదైనా కబురు అవసరం అందరికంటే ఎక్కువ ఉన్నవాళ్ళే అందులో లేకపోతే ఏమి లాభం?

మిత్రులారా!

మన హాస్టల్లో ఎన్నో ఊళ్ళవాళ్ళం ఒకే గదిలో పడుకున్నాం, ఒకే పంక్తిలో తిన్నాం. గ్రనొవెటర్ చెప్పిన సన్న దారాలు మనమే. మన వాడకు, బయటి లోకానికి నడుమ ఉన్న దారం మన ఇంట్లో చాలామందికి మనం ఒక్కరమే. స్కాలర్‌షిప్పు, ప్రవేశ పరీక్ష, సీట్ల గడువు తెలిసిన రోజే ఇంటికి ఫోను చేద్దాం. మన ఇంటికి చెప్పి ఊరుకోకుండా సంఘంలో లేని ఇళ్ళు ఏవి, ఊళ్ళో లేని కుటుంబాలు ఏవి అని అమ్మను అడుగుదాం. సెలవుల్లో గ్రామసభకు పోయి, వెనక నిలబడకుండా ముందు కూర్చుందాం. పాత విద్యార్థులు ఏటా ఒక్క పిల్లవాడికి కబురు చేర్చినా ఒక బెంచీ ఖాళీ కాకుండా ఉంటుంది.

మా అమ్మకు ఆనాడు చెప్పిన పక్క వీధి అక్కకు ఆ సంగతి గుర్తు కూడా లేదు. “నేనేం చేసినా నాయనా, ఒక మాట చెప్పినా అంతే” అంటుంది. ఆ ఒక్క మాట మీదనే మేము ఇంత దూరం వచ్చాం.