మడమ వెనుక నొప్పికి మెట్టు మీది వైద్యం

తెలంగాణలో 2022 నాటి పోలీసు నియామకాల దేహదారుఢ్య పరీక్షలో సాధారణంగా పురుషులు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలోను, మహిళలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలోను పరుగెత్తవలసి వచ్చింది. ఒకప్పటి వరంగల్ జిల్లాలోనూ, 2016 నుంచి జనగామ జిల్లాలోనూ భాగమైన స్టేషన్ ఘన్‌పూర్ వంటి ఊళ్ళలో ఇటువంటి ఉద్యోగాలకు సిద్ధపడేవారు నోటిఫికేషన్ వెలువడ్డాక హఠాత్తుగా పరుగు పెంచితే, ఊపిరీ కండరాలూ కొన్ని వారాల్లో అలవాటుపడినా, మడమ వెనుక ఉండే అకిలిస్ స్నాయుబంధనం మాత్రం అంత త్వరగా అలవాటుపడదు.

స్నాయుబంధనం అంటే కండరాన్ని ఎముకకు కలిపే గట్టి పట్టీ. పిక్కలోని రెండు ప్రధాన కండరాలను మడమ ఎముకకు కలిపే ఈ పట్టీ శరీరంలోని స్నాయుబంధనాలన్నింటిలో బలమైనదే అయినా, పరుగులో దేహబరువుకు ఎన్నో రెట్లు భారం మోయవలసి రావడం వల్ల, మడమకు 2 నుంచి 6 సెంటీమీటర్ల పైన ఉండే భాగంలో తరచుగా దెబ్బతింటుంది. ఉదయం మంచం దిగి వేసే తొలి అడుగుల్లో బిగుసుకుపోయినట్టుండి, నాలుగడుగులు నడిచాక సడలి, పరుగు ముగిశాక మళ్ళీ తలెత్తే నొప్పి దీని ప్రధాన లక్షణం. దీన్ని చాలాకాలం కేవలం వాపుగా భావించినా, సూక్ష్మదర్శినిలో ప్రధానంగా కనిపించేది కొలాజెన్ అనే ప్రోటీను పోగుల అల్లిక చెదిరిపోవడమే కనుక, మాత్రలు బాధను తగ్గించినంత మాత్రాన ఆ అల్లిక కుదుటపడదు. పూర్తి విశ్రాంతి తీసుకుంటే నొప్పి తగ్గినా భారం మోసే శక్తీ తగ్గి, పరుగు మొదలుపెట్టగానే కథ మొదటికొస్తుంది.

మాత్రలూ విశ్రాంతీ చాలన్న దృష్టిని మార్చిన వాటిలో స్వీడన్ వైద్యుడు హోకన్ ఆల్ఫ్రెడ్‌సన్ బృందం 1998లో ప్రచురించిన పరిశోధన ముఖ్యమైనది. మెట్టు అంచున పాదాల ముందుభాగం ఆనించి, బాగున్న కాలి బలంతో మునివేళ్ళ మీదికి లేచి, నొప్పి ఉన్న కాలి మీద బరువంతా వేసి మడమను మెట్టు కన్నా దిగువకు నెమ్మదిగా దించడమే ఆ వ్యాయామం. మోకాలు చాచి 15 సార్లు చొప్పున మూడు విడతలు, కాస్త వంచి మరో మూడు విడతలు, రోజుకు రెండు పూటలా 12 వారాలు చేసిన 15 మందీ తిరిగి పరుగెత్తగలిగారు. తరువాతి పరిశోధనల్లో ఫలితాలు అందరికీ అంత గొప్పగా రాలేదు గాని, క్రమంగా భారం పెంచడమే తొలి చికిత్స అన్న మాట నిలిచింది. మడమ ఎముకకు అతుక్కునే చోటే నొప్పి ఉన్నవారు మాత్రం మడమను మెట్టు కిందికి దించకుండా చదునైన నేల మీదే చేయడం మేలు.

చీలమండ బిగుసుకుపోతే ప్రతి అడుగులోనూ ఈ పట్టీకి ఒత్తిడి పెరగవచ్చు. బొటనవేలిని గోడకు సుమారు 10 సెంటీమీటర్ల దూరంలో ఉంచి, మడమ లేవకుండా మోకాలిని గోడకు తాకించగలిగితే కదలిక చాలినంత ఉన్నట్టే; లేకపోతే ఆ భంగిమనే రోజూ సాధన చేయవచ్చు. గొంతుక్కూర్చోవడం మానేసిన తరానికి ఈ సాధన మరీ అవసరం. పిక్కను మర్దన చేసుకుంటే హాయిగానే ఉంటుంది కాని, దానితో సరిపెట్టుకునేవారికి నొప్పి తిరిగివస్తే ఆశ్చర్యపడనక్కరలేదు. వ్యాయామంలో పదికి అయిదు వరకు నొప్పిని ఓర్చుకోవచ్చు, అయితే అది మరునాటి ఉదయానికి తగ్గాలి. తగ్గకపోతే పరుగు దూరాన్నీ వేగాన్నీ కుదించుకోవాలి.

అన్ని మడమ నొప్పులూ ఇంట్లో నయమయ్యేవి కావు. సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ వంటి యాంటీబయాటిక్ మందులు ఈ పట్టీని బలహీనపరచగలవు కనుక వాటిని వాడుతుండగా నొప్పి మొదలైతే వెంటనే వైద్యునికి చెప్పాలి. స్నాయుబంధనంలోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకుంటే అది తెగిపోయే ప్రమాదం ఉంది. పరుగులో ఎవరో వెనుకనుంచి తన్నినట్టు లేదా టప్పుమని తెగినట్టు అనిపించి, ఆ కాలి మునివేళ్ళ మీద లేవలేకపోతే, వ్యాయామాల జోలికి పోకుండా అదే రోజు వరంగల్ ఎం.జి.ఎం. వంటి ఆసుపత్రిలో ఎముకల వైద్యునికి చూపించుకోవాలి.