ఐలేట్ చెప్పనిది

గుడుపల్లె కుర్రాడైనా, మదనపల్లె కాలేజీ అమ్మాయైనా, ఇంటర్ రెండో సంవత్సరం లెక్కలు చదివినవాళ్లకు విభాగ సమాకలనం అనగానే 'ఐలేట్' నోటికొస్తుంది. రెండు ప్రమేయాల లబ్ధంలో దేన్ని అవకలనం చేయాలి, దేన్ని సమాకలనం చేయాలి అన్న చిక్కును తీర్చే, ఇంగ్లిష్ పేర్ల మొదటి అక్షరాలతో కూర్చిన వరుస అది: విలోమ త్రికోణమితి, లాగరిథమ్, బీజీయం, త్రికోణమితి, ఘాతీయం. వరుసలో ముందున్నదాన్ని అవకలనం చేయమంటుంది. విభాగ సమాకలన పద్ధతి 1715లో బ్రూక్ టేలర్ నాటిది. మొదటి రెండక్షరాలు తారుమారైన ఇలాంటి వరుసనే 1983లో హెర్బర్ట్ కసూబే అమెరికా గణిత పత్రికలో ప్రతిపాదించారు. వరుస మంచిదే, కానీ కారణం చెప్పకుండా వరుసనొక్కదాన్నే అప్పగిస్తే పిల్లలకు దక్కేది సగం విద్య.

ఎక్స్ వర్గాన్ని సైన్ ఎక్స్‌తో గుణించిన లెక్క చూడండి. ఎక్స్ వర్గాన్ని అవకలనం చేస్తూ పోతే 2 ఎక్స్, తర్వాత 2, ఆ తర్వాత సున్నా. సైన్‌ను ఎన్నిసార్లు సమాకలనం చేసినా సైన్, కొసైన్ల మధ్యే గుర్తులు మార్చుకుంటూ తిరుగుతుంది, పెరగదు. ఒకటి అరిగిపోతుంది, రెండోది ముదరదు. లెక్క తెగడానికి అసలు కారణం ఇదే. జవాబు: మైనస్ ఎక్స్ వర్గం కాస్ ఎక్స్, ప్లస్ 2 ఎక్స్ సైన్ ఎక్స్, ప్లస్ 2 కాస్ ఎక్స్, చివర స్థిరాంకం. తిరగేసి ఎక్స్ వర్గాన్నే సమాకలనం చేస్తే తొలి అడుగులోనే ఎక్స్ ఘనం వచ్చి కూర్చుంటుంది. తర్వాతి అడుగుకు నాలుగో ఘాతం!

ఇప్పుడు వర్గం బదులు ఎక్స్ వర్గమూలం పెట్టండి. అదీ బీజీయమే కాబట్టి ఐలేట్ అదే సలహా ఇస్తుంది. కానీ వర్గమూలాన్ని ఎన్నిసార్లు అవకలనం చేసినా సున్నా రాదు, ఘాతం రుణాత్మకమై ఇంకా కిందికి దిగుతుందే తప్ప. సైన్ ఎక్స్‌ను ఎక్స్‌తో భాగించినా అంతే. ఈ రెండింటి సమాకలనాలనూ మనకు తెలిసిన మామూలు ప్రమేయాలతో రాయలేమని రుజువైంది. అంటే తేడా బీజీయమా కాదా అన్నదాంట్లో లేదు, ఘాతం ధన పూర్ణాంకమా కాదా అన్నదాంట్లో ఉంది. ఐలేట్‌కు ఆ తేడా కనిపించదు.

ఈఏపీసెట్‌లో 180 నిమిషాలకు 160 ప్రశ్నలు, కారణాలు వెతుక్కునే తీరికెక్కడిది అనొచ్చు. న్యాయమైన మాటే. అయితే తొందరలో పనికొచ్చేదీ కారణమే. ఒక వరుసలో అవకలనాలు, పక్క వరుసలో సమాకలనాలు రాసి, గుర్తులు మార్చుకుంటూ ఏటవాలుగా గుణించే పట్టిక పద్ధతి దాన్నుంచే పుట్టింది. ఐదో ఘాతం ఇచ్చినా నిమిషంలో తేలుతుంది. పరీక్షలో వర్గమూలం అడగరు కదా అనే వాదనా ఉంది. అడగకపోవచ్చు. కానీ కారణం అక్కరకొచ్చేది పరీక్షలోనే కాదు: ఇంజనీరింగ్‌లో ఫోరియర్ శ్రేణి రాగానే ఎక్స్ వర్గాన్ని కాస్ ఎన్ఎక్స్‌తో గుణించిన ఇలాంటి సమాకలనమే ఎదురవుతుంది. మైనస్ పై నుంచి పై దాకా లెక్కగట్టి, శ్రేణిలో ఎక్స్ స్థానంలో పై పెడితే, 1, 4, 9, 16 వంటి వర్గాల వ్యుత్క్రమాలన్నీ కలిపిన మొత్తం పై వర్గంలో ఆరో వంతని తేలుతుంది. 18వ శతాబ్దంలో ఆయిలర్ మరో దారిన సాధించి పేరు తెచ్చుకున్న ఫలితం అది.