గవ్వలు, గణితము, గూఢలిపి

పచ్చీసు ఆటలో గవ్వ వెల్లకిల పడునో, బోర్ల పడునో వేయువానికి ముందుగా తెలియదు, ఎదుటివానికిని తెలియదు. ఆటలోని న్యాయమంతయు ఈ తెలియమి మీదనే ఆధారపడి ఉన్నది. ఇట్లే, ముందు వచ్చినవానిని చూచి తరువాత రాబోవుదానిని ఊహింప వీలులేని సంఖ్యలను యాదృచ్ఛిక సంఖ్యలందురు. నేడు ఇవి ఆటలకే గాక, రహస్యముల రక్షణకును అవసరమైనవి.

గోదావరి తీరమున బాసరలో 2008లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము ఏర్పడినది. పదవ తరగతి ముగించిన గ్రామీణ విద్యార్థులు అనేకులు అచ్చట ఇంజనీరింగు చదువుచున్నారు. వారిలో ఒకరు హైదరాబాదులోని పుస్తకాల అంగడికి ఫోను ద్వారా డబ్బు పంపిరనుకొందము. ఆ సందేశము పెక్కు యంత్రములను దాటి పోవలెను. నడుమ ఎవరైన పట్టుకొన్నను అర్థము కాకుండుటకై ఫోను దానిని గూఢలిపిలోనికి మార్చును. మార్చు పద్ధతి లోకమునకంతకు తెలిసినదే. తాళపుచెవి వంటి ఒక సంఖ్య మాత్రమే రహస్యము. సాధారణముగా ఆ సంఖ్యలో 128 స్థానములుండును; ప్రతి స్థానమున 0 గాని 1 గాని ఉండును. అట్టి సంఖ్యలు మొత్తము ఎన్నియో వ్రాయుటకు 39 అంకెలు పట్టును. ఒక్కొక్కటిగా వెదకి పట్టుట అసాధ్యము. అయితే ఆ సంఖ్యను నిజముగా యాదృచ్ఛికముగా ఎన్నుకొన్నప్పుడే ఈ మాట చెల్లును.

యాదృచ్ఛిక సంఖ్యలు ఎట్లు లభించును? 1927లో టిప్పెట్ అను ఆంగ్ల సంఖ్యాశాస్త్రవేత్త జనాభా లెక్కల నివేదికలనుండి 41,600 అంకెలను గ్రహించి పట్టికగా అచ్చువేసెను. నమూనా పరిశీలనలకు ఇట్టి పట్టికలు మిక్కిలి ఉపకరించినవి. కాని రహస్యమునకు అవి పనికిరావు. అచ్చుపుస్తకము శత్రువునకును దొరకును గదా!

కంప్యూటర్లు వచ్చిన పిమ్మట లెక్కచేసి సంఖ్యలను పుట్టించు పద్ధతులు వెలసినవి. వానిలో ఒకదానిని తరగతిలోనే చేసి చూడవచ్చును. ఒక సంఖ్యను 5 చేత గుణించి, 3 కలిపి, 16 చేత భాగించి, శేషమును గ్రహింపవలెను. ఆ శేషముతో మరల అట్లే చేయవలెను. 1తో మొదలిడినచో వరుసగా 8, 11, 10, 5, 12, 15, 14, 9, 0, 3, 2, 13, 4, 7, 6 వచ్చి, తిరిగి 1 వచ్చును. పైకి చెల్లాచెదరుగానే తోచును. కాని పరికించి చూడుడు: సరి సంఖ్య, బేసి సంఖ్య ఒకదాని వెంట ఒకటి తప్పక వచ్చుచున్నవి. ఇట్లు లెక్కవలన పుట్టినవానిని మిథ్యాయాదృచ్ఛిక సంఖ్యలందురు. పెద్ద సంఖ్యలతో, మెరుగైన సూత్రములతో పుట్టించినవి శాస్త్రపరిశోధనలకు చక్కగా పనిచేయును. అదే బీజముతో మొదలిడిన అదే వరుస మరల వచ్చుట అచ్చట సౌకర్యము, లెక్కను సరిచూచుకొనవచ్చును.

రహస్యమునకు మాత్రము ఆ గుణమే ప్రమాదము. సూత్రమును, మొదటి సంఖ్యయగు బీజమును తెలిసికొన్నవాడు వరుసనంతటిని చెప్పగలడు. దీనికొక ఉదాహరణము కలదు. 2006లో డెబియన్ అను కంప్యూటరు వ్యవస్థలో జరిగిన ఒక మార్పు వలన బీజమునందలి వైవిధ్యము దాదాపు పూర్తిగా నశించినది. ఈ దోషము 2008లో బయటపడినది. తాళపుచెవుల పొడవు ఏమియు తగ్గలేదు. కాని ఒక్కొక్క రకమునకు సాధ్యమైన బీజములు 32,768 మాత్రమే. వానినన్నిటిని ప్రయత్నించి చూచుట కంప్యూటరుకు స్వల్పకాలపు పని.

కావున బీజమును ప్రకృతినుండియే గ్రహింపవలెను. విద్యున్నిరోధకములలో వేడిమి వలన కలుగు అతిసూక్ష్మ విద్యుత్ కల్లోలము, రేడియోధార్మిక పరమాణువుల విఘటనము ఇందుకు ఉపకరించును. అయితే ప్రకృతి ఎల్లప్పుడు రెండు వైపులకు సమానముగా మొగ్గదు. మన గవ్వయు అంతే. నూటికి 60 సార్లు వెల్లకిల, 40 సార్లు బోర్ల పడు గవ్వతో సమానావకాశము పొందుటెట్లు?

జాన్ వాన్ న్యూమన్ చెప్పిన ఉపాయమిది. గవ్వను రెండేసి సార్లు వేయవలెను. వెల్లకిల తరువాత బోర్ల పడిన 0. బోర్ల తరువాత వెల్లకిల పడిన 1. రెండును ఒకే విధముగా పడిన విడిచిపెట్టవలెను. మొదటి దానికి అవకాశము 60 × 40, రెండవ దానికి 40 × 60; అనగా 10,000కు 2,400 చొప్పున రెండును సమానము! ఒక వేత మరియొక వేతను ప్రభావితము చేయకుండుట, గవ్వ మొగ్గు మారకుండుట, ఈ రెండే ఇందుకు నియమములు.

నేటి కంప్యూటర్లు ఈ రెండు మార్గములను జోడించుచున్నవి. ప్రకృతినుండి బీజమును గ్రహించి, వెనుకకు పోవ వీలులేని కఠిన గణితముతో దానిని విస్తరింపజేయును. సంఖ్యలు సమముగా వచ్చుచున్నవా అని పరీక్షలు తెలుపగలవు. వానిని మరియొకరు ఊహింపలేరని మాత్రము తెలుపజాలవు. చెదరినట్లు కనిపించుట వేరు, ఊహకందకుండుట వేరు. బాసర విద్యార్థి పంపిన డబ్బు భద్రముగా చేరుట ఈ రెండవ గుణము మీదనే ఆధారపడి ఉన్నది.