దాహానికి 64, మందుకు 16

మే నెలలో కడప జిల్లా మైదుకూరులో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు జ్వరంతో పడుకున్న మనిషికి మందు ఎంత ముఖ్యమో నీళ్లూ అంతే ముఖ్యం. ఆ నీళ్లు ఎట్లా కాచి ఇవ్వాలో చరక సంహిత జ్వర చికిత్సలో చెప్పింది. దాని పేరు షడంగ పానీయం.

6: ఇందులో పడే మూలికలు. తుంగముస్తలు, పర్పాటకం, వట్టివేరు, చందనం, కురువేరు, శొంఠి. కషాయాల్లో చందనమంటే సాధారణంగా ఎర్రచందనమేనని వైద్య పరిభాష. ఆ చెట్టుకు పుట్టిల్లు మన సీమ కొండలే. అడవిలో దాన్ని నరకడం మాత్రం నేరం.

64: మూలికలు 1 పాలు, నీళ్లు 64 పాళ్లు. ఒక్కోటి 2 గ్రాముల చొప్పున 12 గ్రాములు, నీళ్లు 768 మిల్లీలీటర్లు. సగానికి మరిగించి, చల్లార్చి, దాహమైనప్పుడల్లా కొద్దికొద్దిగా తాగిస్తారు.

16: ఇది మందు కషాయం లెక్క, మూలిక 1 పాలుకు నీళ్లు 16 పాళ్లు. అదే 768 మిల్లీలీటర్లలో 48 గ్రాముల మూలిక వేసి ఎనిమిదో వంతుకు, అంటే 96 మిల్లీలీటర్లకు దించుతారు. షడంగ పానీయం కంటే ఇది 16 రెట్లు చిక్కన. చిక్కగా కాస్తే మేలు ఎక్కువనుకుని దాహం నీళ్లను కషాయం చేయకూడదు.

6 పాళ్లు: పొయ్యి వెలిగించకుండా చేసే 'హిమం' లెక్క. కడప, కర్నూలు నల్లరేగడి చేలల్లో పండే ధనియాలు ఇందుకు పనికొస్తాయి. దంచిన ధనియాలు 16 గ్రాములు, నీళ్లు 96 మిల్లీలీటర్లు. రాత్రంతా నానబెట్టి, పొద్దున వడగట్టి, చక్కెర కలిపి తాగాలి. ఒంట్లో మంటకు, దాహానికి శార్ఙ్గధర సంహిత చెప్పినది ఇదే.

జ్వర రోగికి తేలికైన పానీయం ఇచ్చే ఈ ఆలోచన మన దేశానిదే కాదు. గ్రీకు దేశంలో హిప్పోక్రటీస్ సంప్రదాయ వైద్యులు జ్వరపు రోగులకు బార్లీ జావ, దాన్ని వడగట్టిన నీళ్లు ఇచ్చేవారు. రోగికి తేలిగ్గా దిగేదే ముందు ఇవ్వాలన్నది రెండు చోట్లా ఒకే బుద్ధి.

అయితే మూలికల నీళ్లు దాహం తీరుస్తాయి గానీ, విరేచనాల్లో పోయిన ఉప్పును తిరిగి తేలేవు. అప్పుడు లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో 6 చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, తలగొట్టి కొలిచి కలపాలి. జ్వరం 3 రోజులు దాటినా, మనిషి మగతగా ఉన్నా డాక్టరు దగ్గరకు తీసుకుపోవాలి. కొలిచి ఇవ్వమన్న ఆ పాత వైద్యులే, ఇంటి వైద్యానికీ ఒక కొలత ఉందని మనకు నేర్పారు.