ఒకే సర్వర్‌లో పది కంప్యూటర్లు: ప్రైవేట్ క్లౌడ్‌కు ఏ హైపర్‌వైజర్?

చేవెళ్ల పక్క మండలం షాబాద్‌లో చందనవెల్లి అనే ఊరు ఉంది. అక్కడ అమెజాన్ వెబ్ సర్వీసెస్ కంపెనీ డేటా సెంటర్ కట్టింది. ఇది, ఫ్యాబ్ సిటీలోది, ఫార్మా సిటీలోది కలిపి మూడు చోట్ల నుంచి 2022 నవంబర్‌లో 'హైదరాబాద్ రీజియన్' పేరుతో సేవలు మొదలయ్యాయి. 2030 నాటికి 36,300 కోట్ల రూపాయలు పెడతామని ఆ కంపెనీ 2023 జనవరిలో ప్రకటించింది. క్లౌడ్ అనగానే మనవాళ్లు ఆకాశం వైపు చూస్తారు గానీ, అది మన పొలాల పక్కనే గోడల లోపల, చల్లటి గదుల్లో వరుసగా పేర్చిన సర్వర్ల గుంపు.

ఆ సర్వర్ల మీద నడిచే 'హైపర్‌వైజర్' అనే సాఫ్ట్‌వేర్ గురించి తమ్ముళ్లకు చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాను. మన హాస్టల్లో చదివి పాలిటెక్నిక్‌కో, డిగ్రీకో, ఇంజనీరింగ్‌కో వెళ్లినవాళ్లలో కొందరు రేపు ఏదో ఒక కాలేజీలోనో ఆఫీసులోనో సర్వర్లు చూసుకునే ఉద్యోగంలో చేరతారు. "సొంత క్లౌడ్ పెట్టుకుందాం, ఏది తీసుకుందాం?" అని పైవాళ్లు అడిగే రోజు వస్తుంది. అప్పుడు చెప్పే జవాబు మీద లక్షల రూపాయలు ఆధారపడి ఉంటాయి.

ఇంతకీ హైపర్‌వైజర్ అంటే ఏమిటి? మన హాస్టలే ఉదాహరణ. బిల్డింగ్ ఒక్కటే. లోపల ఒక్కొక్కరికి ఒక ట్రంకు పెట్టె, దానికో తాళం, పడుకోవడానికి కొంత జాగా. ఒకరి పెట్టె ఇంకొకరు తెరవకూడదు. ఈ ఏర్పాటంతా చూసేది వార్డెన్ సారు. సర్వర్‌ను బిల్డింగ్ అనుకుంటే హైపర్‌వైజర్ వార్డెన్. ఉన్న ప్రాసెసర్‌ను, మెమరీని, డిస్కును పంచి, ఒక్కో వాటాను 'వర్చువల్ మిషన్' అనే విడి కంప్యూటర్‌లా నడిపిస్తుంది. ఒకదాంట్లో విండోస్, పక్కదాంట్లో లినక్స్ నడవొచ్చు. ఒకటి పాడైనా మిగతావి ఆగవు.

మెస్ లెక్క కూడా ఇందులో ఉంది. రిజిస్టర్‌లో 100 పేర్లున్నా, ఊరెళ్లినవాళ్లను తీసేసి వంటాయన 80 మందికే బియ్యం పోస్తాడు. హైపర్‌వైజర్ కూడా ఉన్నదానికంటే ఎక్కువ పంచినట్టు చూపిస్తుంది. ప్రాసెసర్ విషయంలో ఇది బాగా నడుస్తుంది, ఎందుకంటే చాలా మిషన్లు చాలాసేపు ఖాళీగానే ఉంటాయి. ఓపెన్‌స్టాక్ అనే క్లౌడ్ సాఫ్ట్‌వేర్‌లో చాలా ఏళ్ల పాటు ఒక అసలు కోర్‌కు 16 వర్చువల్ కోర్ల దాకా ఇవ్వొచ్చని ముందే పెట్టి ఉండేది. మెమరీకి మాత్రం ఒకటిన్నర రెట్లే. ఎందుకింత తేడా? ప్రాసెసర్ తక్కువైతే ప్లేటు పట్టుకుని లైన్‌లో నిలబడినట్టే, ఆలస్యమవుతుంది కానీ వంతు వస్తుంది. మెమరీ తక్కువైతే గిన్నెలో అన్నమే లేనట్టు. అప్పుడు ఏదో ఒక మిషన్‌ను ఆపేయాల్సి వస్తుంది. కాబట్టి సర్వర్ కొనేటప్పుడు ప్రాసెసర్‌కు పెట్టే డబ్బు కొంచెం తగ్గించైనా మెమరీ ఎక్కువ తీసుకోవాలి.

మరి చందనవెల్లిలో అంత పెద్దది ఉండగా సొంత క్లౌడ్ దేనికి? మొయినాబాద్ చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీలు చాలా ఉన్నాయి. అలాంటి ఒక కాలేజీని ఊహించుకుందాం. ల్యాబ్‌లు, హాజరు, ఫీజులు, లైబ్రరీ అన్నీ ఏడాది పొడవునా ఒకే తీరుగా సాగే పనులు. ఇలాంటి వాటికి నెలనెలా అద్దె కట్టడం కంటే మూడు నాలుగు సర్వర్లు కొనుక్కోవడం చవక కావచ్చు. ఇంటర్నెట్ తెగినా ల్యాబ్ పరీక్ష ఆగదు. విద్యార్థుల కుల, ఆదాయ సర్టిఫికెట్లు, బ్యాంకు ఖాతా నంబర్లు కాలేజీ దాటి బయటికి పోవు. కేంద్ర ప్రభుత్వం కూడా ఎన్ఐసీ ద్వారా 'మేఘరాజ్' పేరుతో 2014లో తన సొంత క్లౌడ్ మొదలుపెట్టింది.

ఇక ఎంపిక సంగతి. ఈ రంగంలో పేరున్నవి నాలుగు. వీఎంవేర్ వారి ఈఎస్‌ఎక్స్ఐ పాతది, పనితనంలో వంక పెట్టలేనిది. ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్ యూనివర్సిటీలో పుట్టి 2003లో బయటికొచ్చింది జెన్. అమెజాన్ క్లౌడ్ 2006లో దీని మీదే మొదలై, 2017 నుంచి కేవీఎం ఆధారంగా చేసుకున్న 'నైట్రో'కు మారింది. ఆ కేవీఎం 2007లో లినక్స్ కెర్నల్‌లోనే కలిసిపోయింది, కాబట్టి విడిగా కొనే పని లేదు. మైక్రోసాఫ్ట్ వారి హైపర్-వి 2008లో వచ్చింది, విండోస్ సర్వర్‌తో పాటే వస్తుంది. విడిగా ఉచితంగా ఇచ్చే హైపర్-వి సర్వర్‌కు 2019 ఎడిషనే చివరిది.

చాలా ఏళ్లు ఈ ప్రశ్నకు అందరూ కళ్లు మూసుకుని చెప్పిన జవాబు వీఎంవేర్. 2023 నవంబర్‌లో ఆ కంపెనీని బ్రాడ్‌కామ్ కొనేసింది. డిసెంబర్‌లోనే, ఒకసారి కొంటే ఎప్పటికీ వాడుకునే లైసెన్సుల అమ్మకం ఆపేసి, చందా పద్ధతి ఒక్కటే ఉంచింది. లెక్క కోర్ల చొప్పున. ప్రాసెసర్‌కు కనీసం 16 కోర్లు, అంటే మీ ప్రాసెసర్‌లో 8 కోర్లే ఉన్నా 16కు కట్టాలి. ఉచిత ఈఎస్‌ఎక్స్ఐని 2024 ఫిబ్రవరిలో తీసేసి, 2025 ఏప్రిల్‌లో మళ్లీ పెట్టింది. ఈ మార్పుల మధ్య ఇరుక్కున్న చిన్న సంస్థలు చాలా ఉన్నాయి. సాఫ్ట్‌వేర్‌లో లోపం ఏమీ లేదు, అద్దె ఇంటి యజమాని మారాడు, అంతే!

అందుకే నా దృష్టిలో హైపర్‌వైజర్‌ను చూడాల్సింది దాన్ని వదిలిపెట్టే వైపు నుంచి. ఇందులోంచి ఒక మిషన్‌ను తీసి, వేరే దాని మీద ఎన్ని గంటల్లో నడపగలం? వీఎంవేర్ డిస్కు వీఎండీకే రకం ఫైలు, కేవీఎంలో ఎక్కువగా క్యూకౌ2, హైపర్-విలో వీహెచ్‌డీఎక్స్. 'కెము-ఇమేజ్' అనే ఉచిత ప్రోగ్రాం వీటిని ఒకదాన్నుంచి మరొకదానికి మారుస్తుంది. లినక్స్ మిషన్లు సాధారణంగా గొడవ లేకుండా లేస్తాయి. విండోస్‌లో మాత్రం 'వర్ట్ఐఓ' డ్రైవర్లు ముందే వేసి పెట్టకపోతే, కొత్త చోట డిస్కు కనబడక నీలం తెర వచ్చి కూర్చుంటుంది. ఈ ప్రయోగం కొనకముందే ఒక మిషన్‌తో చేసి చూడాలి.

మూడు నాలుగు సర్వర్ల కాలేజీకైతే నేను కేవీఎం మీద నడిచే ప్రాక్స్‌మాక్స్‌నే చెబుతాను. ఆస్ట్రియా దేశపు కంపెనీది, 2008 నుంచి ఉంది. ఉచితంగా వాడుకోవచ్చు, కంపెనీ సహాయం కావాలంటేనే డబ్బు. ఈఎస్‌ఎక్స్ఐ నుంచి మిషన్లను నేరుగా లాక్కునే సదుపాయం కూడా 2024లో చేర్చారు. కొందరు పేరు చూసి ఓపెన్‌స్టాక్ పెడదామంటారు. అది హైపర్‌వైజర్ కాదు, ఎన్నో హాస్టళ్లకు సీట్లు కేటాయించే జిల్లా ఆఫీసు లాంటిది. నాసా, రాక్‌స్పేస్ కలిసి 2010లో మొదలుపెట్టినది, వందల సర్వర్లున్నచోట గొప్పగా పనికొస్తుంది. ఒక్క హాస్టల్ కోసం జిల్లా ఆఫీసు తెరిస్తే ఆఫీసును నడపడానికే మనుషులు చాలరు. కాలేజీలో అంతా విండోసే ఉండి, చూసుకునే వ్యక్తికి లినక్స్ రాకపోతే హైపర్-వి తీసుకోవడంలో తప్పు లేదు. రాత్రి రెండు గంటలకు సర్వర్ ఆగితే లేపేది ఆ మనిషే కదా.

నేర్చుకోవడానికి డబ్బు పెట్టనక్కరలేదు. 8 జీబీ మెమరీ ఉన్న పాత పీసీ చాలు. బయోస్‌లోకి వెళ్లి ఇంటెల్ అయితే వీటీ-ఎక్స్, ఏఎండీ అయితే ఎస్‌వీఎం అనేది ఆన్ చేయండి. చాలా పీసీల్లో అది ఆఫ్‌లో ఉంటుంది, దానివల్లే "మిషన్ స్టార్ట్ కావట్లేదు అన్నా" అని ఫోన్లు వస్తుంటాయి. ఇద్దరు ముగ్గురు మిత్రులు కలిస్తే రెండు పీసీలను జతచేసి, నడుస్తున్న మిషన్‌ను ఒకదాన్నుంచి మరొకదానికి ఆపకుండా జరిపి చూడొచ్చు. ఆ తర్వాత ఒక పీసీకి కరెంటు తీసేయండి. రెండోది తనకు తానుగా బాధ్యత తీసుకోదు, ఎందుకంటే అవతలిది నిజంగా ఆగిందా, మధ్యలో వైరే తెగిందా అని దానికి తెలియదు. రెండు ఓట్లలో ఒక్కటి మెజారిటీ కాదు. అందుకే క్లస్టర్‌కు కనీసం మూడు కావాలంటారు. ఆ మూడోది ఓటు వేయడానికి మాత్రమే అయితే, రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న బోర్డు కూడా సరిపోతుంది.