కూలికొచ్చే డ్రోను, కూల్చడానికి పోయే డ్రోను

మొన్న పొదిలి పక్కన కంది చేలో డ్రోనుతో మందు కొడుతుంటే ఆగి చూశాను. ఇద్దరు కుర్రాళ్లు ట్రాలీ ఆటోలోంచి డ్రోను దించి, పది లీటర్ల ట్యాంకులో మందు కలిపి పోసి, గట్టు మీద నిలబడి రిమోటు పట్టుకున్నారు. ఎకరం చేను ఏడెనిమిది నిమిషాల్లో అయిపోయింది. పక్కన మేకలు కాసే పెద్దాయన “ఏమబ్బాయ్, బాంబులేసేది కూడా ఇదేనా?” అన్నాడు. కుర్రాళ్లు నవ్వారు గానీ, పెద్దాయన అడిగినదాంట్లో తప్పేముంది? రెండూ అన్నదమ్ముల బిడ్డలే. ఆ రెండోవాడి ముచ్చట్లు కొన్ని.

ముందు మనకు దగ్గరిది. మార్కాపురం, గిద్దలూరు మీదుగా నల్లమల దాటి, నంద్యాల కూడా దాటితే ఓర్వకల్లు. ఆ కర్నూలు రాళ్ల నేలలో డీఆర్‌డీఓ వాళ్ల ప్రయోగ క్షేత్రం ఉంది. 2025 జులైలో అక్కడ డ్రోనుకు క్షిపణి కట్టి గాల్లోంచి వదిలారు. పేరు యూఎల్‌పీజీఎం-వీ3. మోసింది బెంగళూరు కంపెనీ తయారుచేసిన డ్రోను. క్షిపణి ఉత్పత్తిలో హైదరాబాద్ బీడీఎల్‌కూ, అదానీ డిఫెన్స్‌కూ భాగముంది. చేయి దాటిన రాయీ, నోరు దాటిన మాటా వెనక్కి రావంటారు. ఇది మాత్రం వదిలాక కూడా చెప్పిన మాట వింటుంది. దారి మధ్యలో ఉండగానే గురి మార్చవచ్చు.

అదే క్షేత్రంలో అంతకు మూడు నెలల ముందు, ఏప్రిల్ 13న, డ్రోన్లను కూల్చే పరీక్ష జరిగింది. హైదరాబాద్‌లోని చెస్ అనే డీఆర్‌డీఓ ప్రయోగశాల రూపొందించిన 30 కిలోవాట్ల లేజరుతో ఎగిరే డ్రోన్లను కాల్చి పడేశారు. 30 కిలోవాట్లంటే మన లెక్కలో ఎనిమిది 5 హెచ్‌పీ బోరు మోటార్లు. అంత శక్తినీ ఒక్క చుక్క మీద నిలిపితే రెక్క మిగులుతుందా?

వీటన్నిటికీ ముత్తాత అట్టతో, చెక్కతో చేసినవాడు. 1918లో అమెరికాలో చార్లెస్ కెటరింగ్ తయారుచేసిన ‘బగ్’. కారుకు సెల్ఫ్ స్టార్టరు పెట్టిన కెటరింగే ఈయన. పట్టాల మీద బండి, బండి మీద విమానం. అలా నేల మీంచి ఎగిరేది. అందులో పైలట్ లేడు, రేడియో కూడా లేదు. మరి ఎక్కడ పడాలో దానికెలా తెలుసు? గాలి వాటం, దూరం చూసుకుని ఇంజను ఎన్ని చుట్లు తిరగాలో ముందే లెక్కగట్టేవారు. ఆటో మీటరులా ఒక యంత్రం ఆ చుట్లు లెక్కపెడుతుంది. లెక్క నిండగానే ఇంజను ఆగిపోతుంది, రెక్కల్ని పట్టుకున్న బోల్టులు వెనక్కి జారతాయి. రెక్కలు ఊడి, 80 కిలోల పైచిలుకు మందుగుండుతో మొండెం నిటారుగా కిందికి పడుతుంది. 120 కిలోమీటర్లు పోగలదన్నారు. యాభై కూడా తయారుకాకముందే మొదటి ప్రపంచ యుద్ధం ముగిసింది. నన్నడిగితే ఈ వందేళ్ల వింతల్లో పెద్దపీట దీనిదే.

ఇక పేరు సంగతి. ఇంగ్లీషులో డ్రోను అంటే మగ తేనెటీగ. 1935లో బ్రిటన్ వాళ్లు ఫిరంగుల సాధనకు ‘క్వీన్ బీ’ అనే పైలట్ లేని విమానం చేశారు. రాణి ఈగ పేరు వింటే మగ ఈగ గుర్తురాదూ, అలా వచ్చిన పేరంటారు. ఇలాంటి సాధన విమానాలు చేసే అమెరికా రేడియోప్లేన్ ఫ్యాక్టరీలో 1945లో సైన్యం ఫొటోగ్రాఫర్ ఒక కార్మికురాలిని ఫొటో తీశాడు. ఆవిడే తర్వాత మార్లిన్ మన్రో.

తల్లి విమానం చంకనెక్కి పోయిన డ్రోన్లలో ఓ గట్టి పిండం వియత్నాం యుద్ధంలో తిరిగింది. ముద్దుపేరు ‘టామ్ క్యాట్’. 68 సార్లు గూఢచర్యానికి పంపారు, 1974లో ఇక తిరిగి రాలేదు. డీ-21 అనే డ్రోనుది వేరే కథ. ధ్వనికి మూడు రెట్ల వేగంతో పోయే తల్లి వీపు మీంచి లేస్తూ, 1966 జులైలో తల్లినే ఢీకొట్టింది. తల్లి విమానంలోని ఇద్దరూ బయటికి దూకారు గానీ ఒకరు సముద్రంలో మునిగి చనిపోయారు. బిడ్డను వదలడమే ఇంత కష్టమైతే, ఎగురుతుండగా మళ్లీ పట్టుకోవడం మాటేమిటి? అదీ 2021 అక్టోబరులో కుదిరింది. సీ-130 రవాణా విమానం ‘గ్రెమ్లిన్’ డ్రోనును గాల్లోనే అందుకుంది.

గుంపు విషయానికొస్తే, 2016లో అమెరికా మూడు యుద్ధవిమానాల నుంచి 103 బుల్లి డ్రోన్లను కుమ్మరించింది. అయితే 2024 అక్టోబరు 22న విజయవాడ పున్నమి ఘాట్ మీద మనవాళ్లు 5,500 ఎగరేసి ఐదు గిన్నిస్ రికార్డులు కొట్టలేదా? కొట్టారు. కానీ అది నేర్పిన అడుగులు వేసే కోలాటం. అమెరికా డ్రోన్లకు నాయకుడు లేడు. గోరింకల గుంపులా తమలో తామే సర్దుకుని ఎగిరాయి.

పిట్ట కొంచెం కూత ఘనం అనడానికి నార్వే వాళ్ల ‘బ్లాక్ హార్నెట్’ ఉంది. అరచేతిలో ఇమిడే గూఢచారి, తూకం 20 గ్రాముల లోపే మొదలైంది. ఓపికలో మొనగాడు ఎండతో బతికే ‘జెఫిర్’. రెక్కల నిడివి 25 మీటర్లు, బరువు 75 కిలోల లోపు. 2022లో అమెరికా సైన్యం కోసం 64 రోజులు కిందికి దిగలేదు. 2025లో ఇంకొకటి 67 రోజులు చేసింది.

ఇక మన గుమ్మం ముందుకు వస్తే దొనకొండ. బ్రిటిష్ వాళ్ల కాలపు విమానాశ్రయం ఉన్న ఊరు. 2025లో రాష్ట్రం తెచ్చిన రక్షణ పరిశ్రమల విధానంలో జగ్గయ్యపేటతో కలిపి దొనకొండకు క్షిపణులు, మందుగుండు రాశారు. డ్రోన్లు మాత్రం ఓర్వకల్లు పట్టుకుపోయింది.